70 వేల వాక్‌మన్, ఆరు హెడ్‌ఫోన్లు: డబ్బు ఎక్కడ వినిపించింది?

సోనీ ఎన్‌డబ్ల్యూ-జెడ్‌ఎక్స్707. పేరు చూస్తే వాషింగ్ మెషిన్ మోడల్ నంబర్‌లా ఉంది కదా! కానీ ఇది వాక్‌మన్. మన నాన్నల తరం క్యాసెట్ పెట్టుకుని బెల్టుకి తగిలించుకున్న ఆ వాక్‌మన్‌కి మనవడు లాంటిది. 2023లో ఇండియాలో లాంచ్ అయినప్పుడు దీని ధర రూ.69,990. అంటే మంచి ఫ్లాగ్‌షిప్ ఫోన్ ధర. ఇందులో సిమ్ లేదు, కెమెరా లేదు, స్పీకర్ కూడా లేదు. పాటలు వినడం తప్ప ఇంకో పని చెప్పడానికి లేదు.

ఓ ఫ్రెండ్ దగ్గర నుంచి రెండు వారాలకు అడిగి తెచ్చుకున్నా. నా దగ్గరున్నవి, తెలిసినవాళ్ల దగ్గర దొరికినవి కలిపి ఆరు రకాల హెడ్‌ఫోన్లు, ఇయర్‌ఫోన్లు దీనికి తగిలించి విన్నా. మామూలుగా ఇలాంటి రివ్యూల్లో "తెర తొలగినట్టుంది", "సింగర్ ఎదురుగా కూర్చున్నట్టుంది" అని రాస్తుంటారు. నేను ఒక్క ప్రశ్నే పెట్టుకున్నా: ఏ హెడ్‌ఫోన్‌తో ఈ ప్లేయర్ పెట్టిన డబ్బుకి పని చేస్తుంది, దేనితో చేయదు? జవాబు నేను అనుకున్నంత సింపుల్‌గా లేదు.

ముందు పెట్టె సంగతి కాస్త. 5 అంగుళాల స్క్రీన్, ఆండ్రాయిడ్ 12, వైఫై, 64 జీబీ స్టోరేజ్, మైక్రో ఎస్‌డీ స్లాట్. బరువు 227 గ్రాములు. మందం మాత్రం దాదాపు 17 మిల్లీమీటర్లు. జీన్స్ జేబులో పెడితే ఇటుక ముక్క పెట్టుకున్నట్టే ఉంటుంది. బ్యాటరీ 25 గంటల దాకా వస్తుందని కంపెనీ లెక్క. కుడి పక్కన నిజమైన బటన్లు ఉన్నాయి. జేబులోంచి తీయకుండా పాట మార్చుకోవచ్చు. ఈ ఒక్క సుఖం ఫోన్‌లో ఎప్పుడో పోయింది.

మన ఫోరం కుర్రాళ్లు మొదట అడిగే ప్రశ్న "ఏ డాక్ చిప్ ఉంది అన్నా?" అనే కదా. ఇందులో ఈఎస్‌ఎస్, ఏకేఎం లాంటి కంపెనీల డాక్ చిప్ ఏదీ లేదు. సోనీ తన సొంత ఎస్-మాస్టర్ హెచ్‌ఎక్స్ అనే డిజిటల్ యాంప్లిఫయర్ వాడుతుంది. డిజిటల్ సిగ్నల్‌ని విడిగా అనలాగ్‌గా మార్చి, మళ్లీ దాన్ని పెద్దది చేసే రెండు అంచెల పని కాకుండా, రెండూ ఒకే చోట అయిపోతాయి. దీనివల్ల కరెంటు ఖర్చు తక్కువ. అందుకే బ్యాటరీ అంతసేపు వస్తుంది. దీనివల్లే ఇంకో పరిమితి కూడా ఉంది: పవర్. అసలు కథంతా అక్కడే నడుస్తుంది.

రెండు రంధ్రాల కథ

ప్లేయర్‌కి రెండు హెడ్‌ఫోన్ జాక్‌లు ఉన్నాయి. ఒకటి మనందరికీ తెలిసిన 3.5 ఎంఎం. రెండోది కాస్త లావుగా ఉండే 4.4 ఎంఎం బ్యాలెన్స్‌డ్. 3.5లో కుడి, ఎడమ రెండు చెవులకీ రిటర్న్ వైరు ఒకటే. 4.4లో ఒక్కో చెవికి రెండేసి వైర్లు, రెండేసి యాంప్లిఫయర్లు. ఒకటి నెడుతుంటే ఇంకొకటి లాగుతుంది అన్నమాట.

సోనీ ఇచ్చిన లెక్క ప్రకారం 16 ఓమ్‌ల లోడ్‌కి 3.5 జాక్ ఒక్కో చెవికి 50 మిల్లీవాట్లు ఇస్తుంది, 4.4 జాక్ 230 మిల్లీవాట్లు. వాట్లు చూసి మురిసిపోవద్దు, దీన్ని వోల్టేజ్‌లోకి మార్చి చూడండి. పవర్‌ని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే చాలు, ఇంటర్ ఫిజిక్సే. 3.5 జాక్‌కి సుమారు 0.9 వోల్టులు, 4.4 జాక్‌కి సుమారు 1.9 వోల్టులు వస్తాయి.

ఇప్పుడు ఒక చేదు నిజం. యాపిల్ అమ్మే చిన్న యూఎస్‌బీ-సీ టు 3.5 ఎంఎం డాంగిల్ ఉంది చూశారా, రెండు వేలకు లోపే దొరికేది, తోకలా ఉండేది? యూరప్ వెర్షన్ పక్కన పెడితే అది ఐఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో తగిలించినప్పుడు ఇచ్చేది సుమారు 1 వోల్టు. అంటే 70 వేల ప్లేయర్ 3.5 జాక్, ఆ తోక, వోల్టేజ్ విషయంలో పక్కపక్కనే నిలబడతాయి. (కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ డాంగిల్ సౌండ్ తక్కువగా వస్తుంది, అది వేరే తలనొప్పి.) ఈ లెక్క వేసుకున్నాక నేను మిగతా రెండు వారాలూ ఆ డాంగిల్‌ని పక్కనే పెట్టుకుని విన్నా.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నా. రెండు పరికరాలను పోల్చేటప్పుడు ఏది ఒక్క డెసిబెల్ గట్టిగా మోగినా మన చెవి దాన్నే "క్లారిటీ ఎక్కువ" అంటుంది. షోరూముల్లో ఈ ట్రిక్‌తోనే బోలెడంత సరుకు అమ్ముడుపోతుంది. అందుకని 100 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, మల్టీమీటర్‌తో రెండు పరికరాల వోల్టేజ్ దగ్గరగా సరిచేసి, అప్పుడు పాటలు పెట్టా. మామూలు మల్టీమీటర్‌కి ఎక్కువ ఫ్రీక్వెన్సీలు సరిగ్గా కొలవడం రాదు, 100 హెర్ట్జ్ అయితే పర్వాలేదు. ఈ పని చేయకుండా చెప్పే పోలికలను నేనైతే నమ్మను, నావి కూడా.

హెచ్‌డీ 650: ఒకే హెడ్‌ఫోన్, రెండు జవాబులు

ఎక్కువసేపు గడిపింది సెన్‌హైజర్ హెచ్‌డీ 650తోనే. 2003లో వచ్చిన మోడల్, ఇప్పటికీ హెడ్‌ఫోన్ పిచ్చి ఉన్నవాళ్ల ఇళ్లలో గోడ గడియారంలా ఉండేది. 300 ఓమ్‌లు. వెనక జాలీ ఉంటుంది కాబట్టి సౌండ్ బయటికి పోతుంది, బయటి సౌండ్ లోపలికి వస్తుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో దీన్ని పెట్టుకుని కూర్చుంటే సీలింగ్ ఫ్యాన్, పక్కింటి కుక్కర్ విజిల్ రెండూ ఫ్రీగా పాటలో కలుస్తాయి. అందుకే రాత్రి పదకొండు దాటాకే నా టెస్టింగ్.

ముందు 3.5 జాక్‌లో పెట్టి 'ఆర్ఆర్ఆర్' ఆల్బమ్ వేశా. బ్రహ్మాండంగా మోగింది. డప్పుల దెబ్బ గట్టిగా ఉంది, కోరస్ నిండుగా ఉంది. వాల్యూమ్ 120 మెట్లలో 95 దగ్గర పెడితేనే నాకు చాలినంత. "300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఈ జాక్ చాలదంటారేంటి, బాగానే ఉందిగా" అనిపించింది.

తర్వాత ఈమని శంకరశాస్త్రి గారి వీణ కచేరీ రికార్డింగ్ ఒకటి పెట్టా. వాల్యూమ్ 110, 115, 120. అయిపోయింది, ఇక మెట్లు లేవు. ఆలాపన మెల్లగా సాగుతుంటే గమకం చివర తీగ మీద వేలు జారే చప్పుడు ఫ్యాన్ గాలిలో కొట్టుకుపోతోంది.

ఒకే ప్లేయర్, ఒకే హెడ్‌ఫోన్. ఒక పాటకి సరిపోయింది, ఇంకో దానికి చాలలేదు. ఎందుకు? ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఇంటర్నెట్‌లో "ఈ హెడ్‌ఫోన్‌ని ఈ ప్లేయర్ డ్రైవ్ చేస్తుందా?" అని జరిగే గొడవల్లో సగం దీనివల్లే. హెచ్‌డీ 650కి 1 వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్ మోగుతుంది. మన 3.5 జాక్ ఇచ్చే 0.9 వోల్టుకి దాదాపు 102. ఇది ఫైల్‌లో ఉండగలిగిన అత్యధిక స్థాయికి వచ్చే లెక్క. ఈ కాలం సినిమా పాటలను మిక్సింగ్, మాస్టరింగ్‌లో బాగా కంప్రెస్ చేసి, సగటు స్థాయిని సీలింగ్‌కి పది డెసిబెల్స్ దరిదాపుల్లోకి తోసేస్తారు. అంటే పాట సగటున 92 దగ్గర మోగగలదు. అది ఎక్కువే. అదే ఒక వీణ కచేరీ రికార్డింగ్‌లో సగటు స్థాయి సీలింగ్‌కి పాతిక డెసిబెల్స్ కిందే ఉండొచ్చు. అప్పుడు ఎంత తిప్పినా 77 దాటదు. పక్కన ఫ్యాన్ తిరుగుతుంటే 77 ఏ మూలకి?

కాబట్టి "డ్రైవ్ చేస్తుందా?" అన్న ప్రశ్నకి మీరు వినే పాటలేంటో చెప్పకుండా జవాబు లేదు. కొత్త సినిమా పాటలు మాత్రమే వినేవాడికి చేస్తుంది. కర్ణాటక సంగీతం, పాత రికార్డింగులు, వెస్టర్న్ క్లాసికల్ వినేవాడికి 3.5 జాక్‌లో చేయదు.

ఇక 4.4 జాక్‌కి మారా. హెచ్‌డీ 650 వైరు ఒక్కో చెవికి విడిగా వెళ్తుంది, ఊడి వస్తుంది కూడా. కాబట్టి 4.4 పిన్ ఉన్న వేరే కేబుల్ కొంటే చాలు. 1.9 వోల్టులు అంటే దాదాపు 6.6 డెసిబెల్స్ అదనం. వీణ ఇప్పుడు 108 మెట్టు దగ్గరే హాయిగా నిండింది, పైన ఇంకా చోటు మిగిలింది. తీగ మీద వేలు జారడం, మీటు పడ్డాక నాదం గుమ్మడిలోంచి గుండ్రంగా వచ్చి ఆరిపోవడం, అన్నీ ఉన్నాయి. ఈ ఆరున్నర డెసిబెల్స్ కోసం ఎవరైనా ఈ ప్లేయర్ కొంటే నాకు అర్థమవుతుంది.

మరి రెండు జాక్‌లనూ ఒకే సౌండ్ లెవెల్‌కి తెచ్చి, 3.5కి చేతనైన మెల్లని స్థాయిలోనే పోలిస్తే? తేడా ఉందేమో అనిపించేంత. పందెం కాయమంటే కాయను. బ్యాలెన్స్‌డ్ అంటే ఏదో మంత్రం కాదు. ఈ హెడ్‌ఫోన్ విషయంలో దాని విలువంతా ఆ అదనపు వోల్టులోనే ఉంది.

హెచ్‌డీ 650 గురించి ఇంకో మాట. 'మాయాబజార్' పాటలు వినండి దీంట్లో. 1957 నాటి మోనో రికార్డింగ్ కాబట్టి అంతా తల మధ్యలో ఒక గీతలా కూర్చుంటుంది, కుడి ఎడమలు వెతక్కండి. ఆ కాలపు రికార్డింగ్‌లో పై ఫ్రీక్వెన్సీల్లో పెద్దగా ఏమీ ఉండదు, ఉన్నదల్లా గీర. ఈ హెడ్‌ఫోన్ పైభాగాన్ని మెత్తగా పలుకుతుంది, మధ్యభాగం అంటే గొంతు ఉండే చోటు నిండుగా ఉంటుంది. ఘంటసాల గారి గొంతులోని ఆ కంచు గుణం ఏ మెరుగులూ లేకుండా వచ్చేసింది. ఇలాంటి పాటలకి 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైళ్ల కోసం వెతికి డబ్బులు తగలేయొద్దు. టేపులో లేనిది ఫైల్‌లోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

సన్‌డారా అనే సర్ప్రైజ్

హైఫైమ్యాన్ సన్‌డారా ప్లానర్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్. అంటే లోపల కోన్ బదులు పల్చటి పొర, దాని మీద కరెంటు గీతలు, పక్కన అయస్కాంతాలు. "ప్లానర్‌లకి పెద్ద యాంప్ కావాల్సిందే" అని అందరూ అంటారు కాబట్టి ఇది జెడ్‌ఎక్స్707 నడుం విరగ్గొడుతుందనుకున్నా. జరగలేదు. దీని స్పెక్ 37 ఓమ్‌లు, ఒక మిల్లీవాట్‌కి 94 డెసిబెల్స్. కాగితం మీద లెక్క వేస్తే, ఉన్న వోల్టేజ్‌తోనే ఇది హెచ్‌డీ 650 కంటే గట్టిగా మోగాలి. ఓమ్‌లు తక్కువ కాబట్టి అదే వోల్టుకి ఎక్కువ కరెంటు లాగుతుంది. నా చెవికీ అలాగే వినిపించింది. 4.4లో 90 మెట్టు దాటి వెళ్లాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

ఇళయరాజా గారి 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్ దీంట్లో వినాలి. 1986లో వచ్చింది, త్యాగరాజుకి, బాక్‌కి కలిపి అంకితమిచ్చిన ఆల్బమ్. అందులో బాక్ వయొలిన్ రచన మీద ఇంకో అల్లిక అల్లే ట్రాక్ ఉంది కదా, అక్కడ ఒకేసారి ఎన్నో తీగలు కదులుతుంటాయి. సన్‌డారాలో ఏ తీగ ఎటు పోతోందో చేత్తో చూపించొచ్చు. హెచ్‌డీ 650లో అదే ట్రాక్ ఒక ముద్దలా, అందమైన ముద్దలా ఉంటుంది. ఈ తేడా దుప్పటి కప్పుకుని విన్నా తెలుస్తుంది. ఏ బ్లైండ్ టెస్టూ అక్కర్లేదు. బాస్ మాత్రం సన్‌డారాలో సూటిగా, సన్నగా ఉంటుంది. తీన్మార్ కోసం కొనేవాళ్లకి నచ్చదు. బరువు 370 గ్రాముల పైనే. గంట తర్వాత మెడ గుర్తొస్తుంది.

ఎం50ఎక్స్, పోర్టా ప్రో

ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్ గురించి ఎక్కువ చెప్పను. మన షార్ట్ ఫిల్మ్ ఎడిటర్లు, హోమ్ స్టూడియో కుర్రాళ్లు సగం మంది మెళ్లో ఉండేది ఇదే. 38 ఓమ్‌లు, తేలిగ్గా మోగుతుంది. వైరు ఒక పక్క నుంచే వస్తుంది కాబట్టి, కోసి అతికించే రకం ఆపరేషన్ చేస్తే తప్ప 4.4 వాడలేం. 3.5లో ప్లేయర్‌కీ డాంగిల్‌కీ మధ్య నాకేమీ తేడా దొరకలేదు. 'మాయాబజార్' వేస్తే గీరంతా పైకి వచ్చి కూర్చుంది. అది ప్లేయర్ తప్పు కాదు, ఈ హెడ్‌ఫోన్ పైభాగం అంతే.

కాస్ పోర్టా ప్రో 1984 డిజైన్. నారింజ రంగు కాకపోయినా దాదాపు అలాంటి పల్చటి స్పాంజ్, రేకు బ్యాండ్, జుట్టు పట్టుకుని పీకే గుణం. సరదాకి పెట్టి, పక్కకి పెట్టేద్దామనుకుని, రెండు గంటలు విన్నా. వెచ్చగా, కాస్త మసగ్గా, ఎంత సేపు విన్నా విసుగు పుట్టని సౌండ్. దీనికి 70 వేల ప్లేయర్ అవసరం ఏమాత్రం లేదు.

ఇయర్‌ఫోన్‌తో నిశ్శబ్దం

మూన్‌డ్రాప్ బ్లెస్సింగ్ 2 సంగతి వేరు. ఒక్కో చెవిలో ఐదు డ్రైవర్లు: బాస్‌కి ఒక డైనమిక్, మిగతాకి నాలుగు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు. 22 ఓమ్‌లు. 1 వోల్టుకి 117 డెసిబెల్స్ మోగే రకం. అంటే దీనికి పవర్ సమస్యే లేదు, ఉల్టా సమస్య. ఇంత సున్నితమైన ఇయర్‌ఫోన్‌లో యాంప్లిఫయర్ సొంత గుసగుస కూడా వినిపిస్తుంది. పాటకి పాటకి మధ్య సన్నగా "స్‌స్‌స్" అని వస్తుంది చూడండి, అది. కొన్ని ల్యాప్‌టాప్ జాక్‌లలో ఇదే ఇయర్‌ఫోన్ పెడితే వాన పడుతున్నట్టుంటుంది.

జెడ్‌ఎక్స్707లో హై గెయిన్ ఆఫ్ చేసి, అర్ధరాత్రి, ఫ్యాన్ కూడా ఆపి చూశా. నా చెవికి ఏ గుసగుసా తగల్లేదు. వాల్యూమ్ 45 మెట్లు చాలు. మరి డాంగిల్? అదీ నిశ్శబ్దమే.

ఇక్కడ బ్లైండ్ టెస్ట్ చేయకుండా ఉండలేకపోయా. మా పిన్ని కొడుకుని పిలిచా. వాడు వెనక నిలబడి వైరు ఒకసారి ఇటు, ఒకసారి అటు పెడతాడు (కొన్నిసార్లు పీకి మళ్లీ అందులోనే పెడతాడు, వాడికి అలాంటివి బాగా వచ్చు). నేను చూడకుండా ఏది మోగుతోందో చెప్పాలి. లెవెల్ సరిచేసి, మండలిన్ శ్రీనివాస్ కచేరీ ముక్క ఒకటి, సినిమా పాట ఒకటి. గంటసేపు ఆడాం. నాణెం ఎగరేసినా దాదాపు అవే మార్కులు వచ్చేవి. తర్వాత వాణ్ణి కూర్చోబెట్టి నేను మార్చా. వాడికీ అంతే.

దీన్ని బట్టి "అన్నీ ఒకటే" అని మాత్రం తేల్చేయకండి. మల్టీ డ్రైవర్ ఇయర్‌ఫోన్ల ఓమ్‌లు ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కోలా మారతాయి. యాంప్లిఫయర్ సొంత నిరోధం ఎక్కువుంటే సౌండ్ రంగే మారిపోతుంది: ఒక చోట గొంతు ముందుకొస్తుంది, ఇంకో చోట తాళాలు వెనక్కి పోతాయి. "ఈ ప్లేయర్‌లో నా ఐఈఎమ్ వేరేలా ఉంది" అనేవాళ్లలో కొందరు చెప్పేది నిజంగా నిజం. పాతకాలం బాగుచేసిన యాంప్‌లలో ఇది మామూలే. ఈ రెండింటి మధ్య మాత్రం నాకు కనిపించలేదు, అంతవరకే నేను చెప్పగలను.

ఇంకోటి. ఇలాంటి ఇయర్‌ఫోన్లతో వాల్యూమ్ మర్చిపోవడం చాలా తేలిక. వారానికి 40 గంటలు వింటే సగటు 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రోజూ విజృంభించేవాళ్లు ఆ నంబర్ గుర్తుపెట్టుకోండి. చెవికి రీప్లేస్‌మెంట్ వారంటీ లేదు.

బ్లూటూత్‌కి వాడితే?

సోనీవే డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం5 కూడా కలిపి చూశా. ఎల్‌డాక్‌లో సెకనుకి 990 కిలోబిట్స్ దాకా పోతుంది. బాగుంది. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో డాక్, యాంప్లిఫయర్ రెండూ హెడ్‌ఫోన్ లోపలే ఉంటాయి. ఆ ఎస్-మాస్టర్, ఆ రాగి దిమ్మ, ఆ పెద్ద కెపాసిటర్లు, సోల్డర్‌లో కలిపిన బంగారం, అన్నీ పక్కన కూర్చుని గోళ్లు గిల్లుకుంటుంటాయి. ఎల్‌డాక్ మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉండే ఉంటుంది, ఆండ్రాయిడ్ 8 నుంచి ఇస్తున్నారు. వైర్‌లెస్ మాత్రమే వాడేవాళ్లు ఈ ఆర్టికల్ ఇక్కడే ఆపేసి హాయిగా పడుకోవచ్చు.

పాత ఎంపీ3ల సంగతి

మన ఇళ్లల్లో ఓ పెన్ డ్రైవ్ ఉంటుంది. పదిహేనేళ్ల కింద ఎవరో ఇచ్చినవి, 128 కేబీపీఎస్ ఎంపీ3లు, ఫైల్ పేరులో ఏదో వెబ్‌సైట్ పేరు అతుక్కుని ఉంటుంది. కారులో ఇప్పటికీ అవే మోగుతాయి. జెడ్‌ఎక్స్707లో డీఎస్‌ఈఈ అల్టిమేట్ అనే ఫీచర్ ఉంది, కుదించినప్పుడు పోయిన భాగాన్ని ఊహించి పూరిస్తుంది. నా దగ్గరున్న 'గీతాంజలి' ఎంపీ3ల మీద ఆన్ చేసి, ఆఫ్ చేసి చూశా. తాళాల చివర ఆ నీళ్లలో మునిగినట్టుండే గరగర కాస్త తగ్గింది. ఈ మాట పూర్తి ధైర్యంతో చెబుతున్నా, ఎందుకంటే ఇక్కడ తేడా వెతుక్కోనక్కర్లేదు. అయితే అదే ఆల్బమ్ స్ట్రీమింగ్‌లో లాస్‌లెస్‌గా దొరికితే దాని పక్కన ఇది నిలబడదు. యాపిల్ మ్యూజిక్ 2021 నుంచి అదనపు చార్జీ లేకుండా లాస్‌లెస్ ఇస్తోంది. ప్లేయర్‌లో ఆండ్రాయిడ్ ఉంది కాబట్టి యాప్ వేసుకోవచ్చు. సిమ్ లేదు కనుక ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుని బయటికి వెళ్లాలి, లేదా ఫోన్ హాట్‌స్పాట్.

మరి కొనాలా?

బ్లైండ్ టెస్ట్‌లో వైర్లు మార్చిన మా తమ్ముడున్నాడే, అసలు వాడికే ఈ ప్లేయర్ మీద కన్ను. గచ్చిబౌలిలో మొదటి ఉద్యోగం, ఏడాది తిరిగింది, బోనస్ వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి చూసి పెట్టుకున్నాడు. వాడి దగ్గర ఉన్న హెడ్‌ఫోన్ ఏంటో తెలుసా? ఆ ఎం50ఎక్స్ వాడిదే.

"అన్నా, ఇది కొంటే నా హెడ్‌ఫోన్ ఇంకా బాగా పలుకుతుందా?" అని అడిగాడు.

"పలకదురా" అన్నా.

కాస్త మొహం మాడ్చుకున్నాడు. రివ్యూల్లో అందరూ అంత బాగుందంటున్నారుగా అన్నాడు. అబద్ధం కాదు, ప్లేయర్ బాగానే ఉంది. వాడి చేతికి సన్‌డారా ఇచ్చి, నా డాంగిల్‌కి తగిలించి, ఇళయరాజా ట్రాక్ పెట్టా. తర్వాత అదే ట్రాక్ వాడి ఎం50ఎక్స్‌తో జెడ్‌ఎక్స్707లో. రెండు వేల తోక మీద మంచి హెడ్‌ఫోన్ ఒక వైపు, 70 వేల ప్లేయర్ మీద మామూలు హెడ్‌ఫోన్ ఇంకో వైపు. వాడు మూడు నిమిషాలు కూడా పూర్తి కానివ్వలేదు. "అర్థమైందిలే" అన్నాడు.

వాడికి చెప్పిందే మీకూ చెబుతా. మీ దగ్గర హెచ్‌డీ 650 లాంటి ఎక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఇప్పటికే ఉండి, మెల్లగా రికార్డ్ చేసిన కచేరీలు ఎక్కువ వింటూ, టేబుల్ దగ్గర కాకుండా మంచం మీదో మేడ మీదో వినాలనుకుంటే జెడ్‌ఎక్స్707 4.4 జాక్ కోసం డబ్బు పెట్టొచ్చు. ఫోన్ నోటిఫికేషన్ల గోల లేకుండా, ఫోన్ బ్యాటరీ ముట్టుకోకుండా రోజంతా వినాలన్నా పెట్టొచ్చు. అది సౌండ్ క్వాలిటీ కాకపోయినా నిజమైన సుఖమే, నేను తిరిగి ఇచ్చేశాక మిస్ అయింది ముందుగా అదే. మీ హెడ్‌ఫోన్ పదిహేను వేల లోపుదై, 3.5 పిన్ మాత్రమే ఉన్నదైతే ఆ డబ్బు మొత్తం హెడ్‌ఫోన్ మీద పెట్టండి. మిగిలితే డాంగిల్ కొనండి, ఇంకా మిగులుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు రెండు విషయాలు గుర్తుంచుకోండి. ప్లేయర్‌తో పాటు 4.4 కేబుల్ ఉన్న ఏదైనా ఇయర్‌ఫోన్ పట్టుకెళ్లండి. అమ్మేవాళ్లు చాలాసార్లు 3.5లోనే వినిపించి పంపిస్తారు, 4.4లో ఒక చెవి పని చేయకపోయినా అక్కడ తెలియదు. మోనో పాట వేసి చూడండి, గొంతు సరిగ్గా మధ్యలో ఉండాలి. రెండోది బ్యాటరీ. ఫుల్ చార్జ్ చేసి, స్క్రీన్ ఆపి, ఒక ఆల్బమ్ మొత్తం మోగించి ఎంత శాతం దిగిందో చూడండి. 25 గంటల లెక్కన గంటకి నాలుగు శాతం దిగాలి. ఏడెనిమిది దిగితే ఆ బ్యాటరీ ఇప్పటికే సగం జీవితం గడిపేసిందని అర్థం, ధర ఆ మేరకు తగ్గించమని అడగండి.

మా వాడు చివరికి సన్‌డారా తీసుకున్నాడు. ఎం50ఎక్స్ ఆఫీసు డ్రాయర్‌లోకి వెళ్లింది. 4.4 కేబుల్ ఒకటి కూడా కొని పెట్టుకున్నాడు, ఎందుకురా అంటే నవ్వాడు.